జీడిపిక్కల గోనె సంచి గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గోనె సంచి గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మీరు కలుపుతున్న ఉభయుల్లో, అంటే టాంజానియాలోని నెవాలా రైతుకీ మన శ్రీకాకుళం ఉద్దానం రైతుకీ, కుశలం అంతంతమాత్రమే. కాబట్టి నేరుగా సంగతికి వస్తాను.

2023 అక్టోబరులో టాంజానియా అధ్యక్షురాలు సామియా సులుహు హసన్ ఢిల్లీ వచ్చినప్పుడు రెండు దేశాల బంధాన్ని 'వ్యూహాత్మక భాగస్వామ్యం' స్థాయికి పెంచారు. ఫోటోల్లో అందరూ ఉన్నారు, మీరు తప్ప. నిజానికి ఏటా టాంజానియాలోని మ్త్వారా రేవులో ఓడెక్కి, తూత్తుకుడిలోనో విశాఖలోనో దిగే అసలు రాయబారి మీరే. స్వాహిలీలో మీ పేరు 'గునియా'. మన గోనెకు చుట్టమే. వాళ్లు లక్షను 'లాకి' అంటారు, బండిని 'గారి' అంటారు. మనకు గారి అంటే మర్యాద, వాళ్లకు గారి అంటే బండి. ఎత్తేదీ దించేదీ మిమ్మల్నే గనక రెండూ మీకు చెల్లుతాయి.

మీ పుట్టుక సంగతి మాత్రం కాస్త ఇబ్బందికరం. 1960ల్లో సిసల్‌కి, అంటే మన కిత్తనారకి, టాంజానియా ప్రపంచంలోనే పేరుమోసింది. 1964లో రెండు లక్షల టన్నులు దాటి పండించింది. అలాంటి దేశం జీడిపిక్కలు నింపడానికి బెంగాల్ వైపు నుంచి జనపనార సంచులు దిగుమతి చేసుకుంటుంది. ఖాళీగా వెళ్లి నిండుగా తిరిగి రావడం మీకు అలవాటైపోయింది. ప్లాస్టిక్ సంచులు చాలవా అంటే చాలవు. వాటిలో గాలాడదు, పైగా వాటి పోగులు పప్పులో కలిస్తే ఏరడం నరకం. పిక్కలో తేమ 8 నుంచి 10 శాతం ఉండాలి. అంతకు మించి ఉంటే కంటెయినర్ పైకప్పుకు పట్టిన చెమట రాత్రిపూట మీ మీదే కారుతుంది. కింద చెక్కలు, పక్కల కాగితం, తేమ పీల్చే పొట్లాలు లేకపోతే గోడవైపు వరసలకు బూజు ఖాయం. ఇరవై అడుగుల పెట్టెలో మీరు సుమారు 200 మంది, 16 టన్నులు.

ఇక మీ లెక్కల పద్ధతి. మీ బరువు 80 కిలోలు. మీలో ఎంత పప్పు దిగుతుందో చెప్పేది పౌండ్లలో. ధర డాలర్లలో. 1947లో ఒకరు, 1961లో ఒకరు తెల్లవాణ్ణి సాగనంపారు గానీ వాడి తూకం రాయిని మాత్రం అట్టే పెట్టుకున్నారు. చాలా సంచుల్లోంచి నమూనా తీసి, కలిపి, అందులో కిలో పిక్కలు కోస్తారు. మంచి పప్పు మొత్తం, మచ్చపడినదీ ముడుచుకున్నదీ సగం చొప్పున కలిపి తూస్తారు. ఆ గ్రాములను 80తో హెచ్చవేసి 453.6తో, అంటే పౌండుకున్న గ్రాములతో, భాగిస్తే వచ్చేదే ఔట్‌టర్న్. 272 గ్రాములు దిగితే 48 పౌండ్లు. పై వరసలోని నాలుగు సంచుల్లోనే నమూనా తీసి 48 చెప్పిన సరుకు, గోదాములో కోసేసరికి 45కి జారుతుంది. మూడు పౌండ్లంటే సంచికి 1.36 కిలోల పప్పు గోవిందా!

2018 గుర్తుందా? అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానంలో జీడితోటలను కూల్చేసింది. ఆ సీజన్లోనే మ్త్వారా వైపు రైతులు వేలంలో పలికిన ధరలకు అమ్మబోమని భీష్మించారు. నవంబరులో అప్పటి టాంజానియా అధ్యక్షుడు మగుఫులి సైన్యాన్ని దింపి, కిలో 3,300 షిల్లింగులకు కొనమన్నారు. తుపాకీ పట్టే చేతులతో మిమ్మల్ని మోయించారు. అంతకన్నా రాజలాంఛనం ఏ రాయబారికి దక్కింది?

టాంజానియా 1970ల నుంచి అప్పు తెచ్చి పప్పు ఫ్యాక్టరీలు కట్టుకుంది. అవి నడవలేదు. కొన్నింటిని చివరికి మీకే గోదాములు చేశారు. ముడిపిక్క బయటికి పోకూడదని ఎగుమతి సుంకం పెట్టినా, మీరు బయల్దేరుతూనే ఉన్నారు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో బాయిలర్లు మీ కోసం ఎదురుచూస్తుంటాయి. స్థానిక పిక్క ఏడాదంతా సరిపోదు, నిజమే. కానీ మీరు గోదాముల్లో బారులు తీరాక, మార్చిలో ఉద్దానం పంట దిగుతుంది. 80 కిలోల బస్తాకు 16,000 రూపాయలు ఇవ్వమని రైతు అడిగితే వ్యాపారి మీవైపు చెయ్యి చూపిస్తాడు: "ఆఫ్రికా పిక్క చవగ్గా వస్తోంది కదా!" నెవాలాలో కొనేవాళ్లు ఇండియా మార్కెట్ పడిపోయిందంటారు. ఒకరికి ఒకరిని చూపించి ఇద్దరి ధరా తగ్గించడంలో మీకున్న నేర్పు విదేశాంగ శాఖల్లోనూ దొరకదు.

కాబట్టి విన్నపం ఇది. ఈసారి బయల్దేరే ముందు మూడు రోజులు ఎండలో నిలబడి రండి. మీ మూతికి కుట్టు గట్టిగా వేయించుకోండి. వీలైతే నెవాలాలో మీకు పలికిన ధర బొగ్గుతో ఒంటిమీద రాయించుకుని రండి. ఉద్దానం వాళ్లు చదువుకుంటారు.

ఇట్లు,
మీ పప్పు తినేవారిలో ఒకరు