ఇంటి మాటల్లో దేశచరిత్ర

ఇల్లు, పిల్లలు, భోజనాల దగ్గరి తగవులు రాస్తే అది చిన్న సాహిత్యమని తీర్పు చెప్పే విమర్శకులకు ఇటలీ రచయిత్రి నతాలియా గింజ్‌బుర్గ్ దగ్గర చుక్కెదురవుతుంది. ఫాసిజం చేసిన గాయాన్ని అంత దగ్గరగా అనుభవించి, అంత తగ్గు స్వరంలో చెప్పినవారు అరుదు.

1916లో పలెర్మోలో పుట్టి టురిన్‌లో పెరిగిన నతాలియాకు తండ్రి, యూదు శాస్త్రవేత్త జుసెప్పె లెవీ. ఆయన శిష్యుల్లో ముగ్గురు తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్నారు. 1938లో ఆమె పెళ్లాడిన లెయోనె గింజ్‌బుర్గ్, ఫాసిస్టు ప్రభుత్వానికి విధేయతా ప్రమాణం చేయనన్నందుకు విశ్వవిద్యాలయ కొలువు వదులుకున్న పండితుడు, ఎయినావుది ప్రచురణ సంస్థకు ఆద్యుల్లో ఒకరు. 1940లో ప్రభుత్వం ఆయన్ను అబ్రుజ్జో ప్రాంతంలోని పిజ్జోలి అనే పల్లెలో నిర్బంధించింది. ఆమె కూడా పిల్లలతో అక్కడికే వెళ్లారు. యూదుల హక్కులను హరించిన జాతి చట్టాలు అమల్లో ఉండగా, 1942లో ఆమె తొలి నవల మారుపేరుతోనే వెలువడింది. 1944 ఫిబ్రవరిలో, చిత్రహింసలకు గురైన లెయోనె రోమ్‌లోని రెజీనా చేలి జైల్లో ప్రాణాలు విడిచారు. అప్పటికి ఆమెకు 27 ఏళ్లు, ముగ్గురు బిడ్డలు.

ఇటలీ సాహిత్య పురస్కారం స్త్రేగాను పొందిన ఆమె 1963 నాటి కుటుంబ జ్ఞాపకాల పుస్తకం ‘లెస్సికో ఫమిల్యారె’ (ఇంటి మాటలు)లో ఈ మరణానికి దక్కిన చోటు బహు స్వల్పం. రోమ్ చేరిన ఇరవై రోజులకు భర్తను అరెస్టు చేశారని, మళ్లీ ఆయన్ను చూడలేదని చెప్పి ఆమె ముందుకు సాగిపోతారు. పుస్తకం నిండా వినిపించేది తిండి మర్యాదల మీద తండ్రి వేసే కేకలు, అన్నదమ్ముల ఊతపదాలు. సోషలిస్టు నాయకుడు తురాతి దేశం దాటే ముందు వాళ్లింట్లోనే మారుపేరుతో తలదాచుకుంటాడు. అన్న మారియో పోలీసుల చేతికి చిక్కకుండా నదిలో దూకి, ఈదుకుంటూ స్విట్జర్లాండ్ చేరితే, తల్లి ఆశ్చర్యమంతా ఓవర్‌కోటుతోనే నీళ్లలోకి దిగాడా అని. అధికారం బాకాలూదుతున్న కాలంలో మనుషులు మనుషుల్లా మాట్లాడుకున్న తీరును అలాగే నిలబెట్టడం మా దృష్టిలో చిన్న పని కాదు.

అయితే ఆమెను పీఠమెక్కించనక్కరలేదు. నాజీల ఆష్విట్జ్ మరణ శిబిరం నుంచి బతికి వచ్చిన రచయిత ప్రీమో లెవీ తొలి పుస్తకాన్ని ఎయినావుది తిరస్కరించినప్పుడు, ఆ నిర్ణయంలో అక్కడ సంపాదకురాలైన ఆమెకూ భాగముంది. వేరే చిన్న సంస్థ దాన్ని 1947లో అచ్చువేసింది. 1958లో గానీ ఎయినావుది తప్పు దిద్దుకోలేదు.

1983లో ఆమె స్వతంత్ర వామపక్ష సభ్యురాలిగా పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 1991లో మరణించేదాకా ఏ శిబిరానికీ పూర్తిగా లొంగలేదు. తరగతి గదుల్లో సిలువ ఉండాలా వద్దా అన్న వాదం రేగినప్పుడు, యూదు ఇంటి బిడ్డ అయివుండీ, 1988లో కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘ఊనితా’లోనే దాన్ని తీయవద్దని రాశారు. ప్రభుత్వ బడి గోడ ఏ మతానికీ చెందరాదనే మేము ఆ వాదనతో ఏకీభవించలేం; కానీ సొంత పక్షం పాఠకుల ఎదుటే వారికి రుచించని మాట చెప్పగల రచయితలు ఈనాటి వామపక్ష పత్రికల్లోనూ, వారి ప్రత్యర్థుల పత్రికల్లోనూ ఎందరున్నారన్నది మాత్రం మమ్మల్ని వదలని ప్రశ్న.