ఆ "లేకపోతే" తర్వాత ఏముంది?

ఇప్పుడే టీవీ కట్టేశా. ఒళ్లు మండిపోతోంది. బిల్లు మీద చర్చ. ఒకాయన లేచి, "అధ్యక్షా, ఈ క్లాజులో 'లేదా' తీసేసి 'మరియు' పెట్టాలి, లేకపోతే..." అన్నాడు. గంట మోగింది, మైకు ఆగింది. పెదాలు కదులుతున్నాయి, చేతిలో కాగితం ఊగుతోంది, మాట మాత్రం లేదు. ఆయనది ఏ పార్టీ అయితే నాకేంటి? ఆ చట్టం కింద బతకాల్సింది నేను. ఆ "లేకపోతే" తర్వాత ఏముందో నాకు కావాలి!

ఏ బిల్లుకు ఎన్ని గంటలో బీఏసీలో, అంటే సభ సమయం ఖరారు చేసే కమిటీలో, తేల్చేస్తారు. ఆ గంటల్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. బిల్లు చదివొచ్చిన చిన్న పార్టీ ఆయనకు దక్కేది రెండు మూడు నిమిషాలు. మీ నియమాలు మీరే రాసుకోండని రాజ్యాంగం 118వ అధికరణం పార్లమెంటుకూ, 208వది శాసనసభలకూ చెప్పింది. పద్ధతి తప్పారని కోర్టుకెళ్దామంటే, పార్లమెంటు పద్ధతుల్ని కోర్టులు ప్రశ్నించకూడదనే 122వ అధికరణం అడ్డం. ఇక మనం ఎవరితో మొరపెట్టుకోవాలి?

2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల మీద డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టమని అడిగితే, అవును-కాదు అని అరిపించే మూజువాణితో కానిచ్చేశారు. 2021 నవంబరు 29న వాటినే రద్దు చేసే బిల్లు పాస్ చేశారు, అదీ సరైన చర్చ లేకుండానే. పెట్టినప్పుడూ నోరు నొక్కారు, తీసేసినప్పుడూ నొక్కారు.

మూజువాణి అంటే చాలు, నాకు 2014 ఫిబ్రవరి 18 గుర్తొస్తుంది. విభజన తప్పా ఒప్పా అని మళ్లీ మొదలెట్టకండి, రెండు వైపులా మనవాళ్లే. అంతకు ఐదు రోజుల ముందు సభలో పెప్పర్ స్ప్రే కొట్టిన సిగ్గుమాలిన పనీ మర్చిపోలేదు. అయినా లోక్‌సభ తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆపి అంత పెద్ద బిల్లు పాస్ చేస్తారా? తెలంగాణ కోసం ఏళ్ల తరబడి కొట్లాడినవాళ్లు ఆ క్షణాన్ని కళ్లారా చూసుకోవద్దా? వద్దన్నవాళ్లు తమ ఎంపీ ఏమన్నాడో వినొద్దా? మా నాన్న కేబుల్ పోయిందనుకుని, వైరు పీకి, తుడిచి, మళ్లీ పెట్టి, రిమోట్ పట్టుకుని అలాగే కూర్చున్నారు.

తాను ఓటేసి గెలిపించిన ఎంపీ ఆ బిల్లుకు అవునన్నాడో కాదన్నాడో నాన్న ఇప్పటికీ అడుగుతుంటారు. మూజువాణి కదా, ఎవరు ఏమన్నారో పేర్లు రాసిన కాగితమే లేదు.