వీణలో చిప్పు పెడితే దొంగ దొరుకుతాడా?

వారం రోజులుగా విశాఖలో సంగీతం వాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. బియ్యపు గింజంత చిప్పు వీణలోనో వయొలిన్‌లోనో పెట్టిస్తే చాలట. వాయిద్యం పోతే ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుందట, కోర్టులో వేరే సాక్ష్యం అక్కర్లేదట, చోరీ అయిన స్ట్రాడివేరియస్‌లను, అంటే ఇటలీలో ఒకప్పుడు చేసిన ఎంతో విలువైన వయొలిన్‌లను, ఇలాగే పట్టుకుంటున్నారట. మా పిన్ని ఒక్కతే నాకు మూడుసార్లు పంపింది.

ముందు ఆ ఫోన్ సంగతి. కుక్కపిల్లకి మెడ దగ్గర చర్మం కింద వేసే చిప్పే ఇది. బ్యాటరీ ఉండదు. రీడర్‌ని బెత్తెడు దూరంలోకి తెస్తే, అది పంపే తరంగాలతోనే క్షణం మేలుకుని 15 అంకెల నంబరు చెప్పి మళ్ళీ నిద్రపోతుంది. ఉపగ్రహాలతో దానికి సంబంధం లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పోయిన వీణ కంచరపాలెంలో ఉందో కటక్‌లో ఉందో దానికేం తెలుసు? పైగా ఈ రకం చిప్పు పనిచేసేది 134.2 కిలోహెర్ట్జ్‌లో, మన ఫోన్‌లో చిప్పుల్ని దగ్గరనుంచి చదివే ఎన్‌ఎఫ్‌సీ 13.56 మెగాహెర్ట్జ్‌లో. ఫోన్ ఆనించి పెట్టినా చదవదు. పెట్టెలో వేసుకునే బ్లూటూత్ ట్యాగు వేరు. దానికి బ్యాటరీ ఉంటుంది, జాడ కొంతవరకు చెప్తుంది, కానీ దొంగ ముందు పారేసేది పెట్టెనే.

స్ట్రాడివేరియస్ కథ అదే చెప్తుంది. 2014 జనవరిలో అమెరికాలోని మిల్వాకీలో కచేరీ ముగించుకుని కారు దగ్గరికి నడుస్తున్న వయొలిన్ కళాకారుడు ఫ్రాంక్ ఆల్మండ్‌కి స్టన్ గన్‌తో షాకిచ్చి, లిపిన్‌స్కీ అనే 1715 నాటి స్ట్రాడివేరియస్ ఎత్తుకుపోయారు. కాసేపటికి ఖాళీ పెట్టె రోడ్డు మీద దొరికింది. ఆ స్టన్ గన్ టేజర్ రకం. పేల్చినప్పుడు నంబరు అచ్చేసిన చిన్న చిన్న ముక్కలు దాన్నుంచి రాలాయి. ఆ నంబరు కొన్నవాడి దాకా తీసుకెళ్ళింది, పది రోజులు తిరిగేలోపు వయొలిన్ దొరికింది. నంబరే పట్టించింది, నిజమే. కాకపోతే అది వయొలిన్‌ది కాదు, తుపాకీది! 1980లో వయొలిన్ విద్వాంసుడు రోమన్ టోటెన్‌బర్గ్ దగ్గర దొంగిలించిన స్ట్రాడివేరియస్ 2015లో ఆయన కూతుళ్ళకు చేరింది. వెల కట్టమని తన దగ్గరికి తెచ్చిన వయొలిన్‌ని ఒక నిపుణుడు చూసి గుర్తుపట్టాడు, అంతే. టోటెన్‌బర్గ్ అప్పటికి మూడేళ్ళ కిందటే పోయారు, పాపం.

ఇక సాక్ష్యం. చిప్పు చెప్పేది నంబరు, పేరు కాదు. ఆ నంబరు పక్కన మీ పేరు ఎక్కడో రాసి ఉండాలి, ఆ జాబితా పోలీసులకి అందుబాటులో ఉండాలి, పట్టుకున్నవాడికి స్కాన్ చెయ్యాలని తోచాలి. దొంగ ఇంకో చిప్పు కొని పెట్టడని ఏముంది? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో మా తాతగారు చేయించిన వీణకి బిల్లంటూ లేదు. కానీ దాని కొసన చెక్కిన యాళి తల ఎడమ చెవి కొసన పెచ్చు ఊడింది. తీగ బిగించే రెండో బిరడ కొత్తది, మిగతా వాటికన్నా లేత రంగు. మే నెల ఉక్కపోతకి మైనం మెత్తబడి మెట్లు కదిలితే మళ్ళీ వేయించినప్పుడు, మైనం మీద వేసినతని బొటనవేలి ముద్ర ఒకటి ఉండిపోయింది. వీటిని దగ్గరగా, తేదీ పడేలా ఫొటోలు తీసి ఒకటి ఫోన్‌లో, ఒకటి చెల్లెలి దగ్గర పెట్టాను. పోలీసు ఫిర్యాదుకి జతచెయ్యడానికి పనికొచ్చేవి ఇవి.

చిప్పుతో నాదం చెడుతుందని కొందరు ఎదురు మెసేజ్ పెడుతున్నారు. అదీ అతిశయమే, గ్రాము కూడా తూగని వస్తువు నాదం పలికే కుండ గొంతు మార్చదు. నా భయం రంధ్రం గురించి. ఏకాండి వీణ ఒకే పనస దుంగలో తొలిచింది, కుండకీ దండికీ మధ్య అతుకు ఉండదు. డ్రిల్లు పెడితే నిక్షేపమైన కర్రకే పెట్టాలి.

దండి కింద ఉండే సొరకాయ బుర్ర లోపల చిప్పు అంటిస్తే ఎలా ఉంటుందని పిన్ని నిన్న అడిగింది. అంటించు, నంబరు కాగితం మీద రాసిపెట్టుకో అన్నాను. బుర్ర మరతో బిగించేది కదా, ఊడదీసి వేరేది పెట్టేస్తే చిప్పు ఏం చేస్తుందని వెంటనే తనే అంది.