పామర్ బంగళా సరే, ఆ ఖాతా పుస్తకాల సంగతేంటి?

కోఠీలో రెసిడెన్సీ (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి, అంటే రెసిడెంటు నివాసం) భవనానికి మరమ్మతులు జరిగాక రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, హైదరాబాదీ యువతి ఖైరున్నిసాల ప్రేమకథ మళ్లీ అందరి నోళ్లలో నానింది. ఆ కథ వెంటే విలియం పామర్ పేరూ వస్తుంది. తండ్రి ఇంగ్లిష్ జనరల్. తల్లి ఫైజ్ బక్ష్, ఖైరున్నిసాకి స్నేహితురాలు. అల్లుడు రచయిత మెడోస్ టేలర్. రెసిడెన్సీకి దగ్గర్లోనే బంగళా, ఇప్పుడు దాని ఆనవాళ్లు వెతికేవాళ్లూ ఉన్నారు. సినిమాకి ఇంతకన్నా ఏం కావాలి?

నా పేచీ అక్కడే. పామర్ నవాబు కాదు, కవి కాదు, వడ్డీ వ్యాపారి. అలాంటివాడి ఇంటి గురించి వెతికేటప్పుడు తోరణాలు, జనానా గదులు చూసి వెనక్కి వస్తే ఎలా? ఆ ఇల్లు లేచింది వడ్డీ మీద. ఆ వడ్డీ ఎవరు కట్టారన్నదే అసలు పరిశోధన.

భారతీయ రాజులకు బ్రిటిష్ వాళ్లు అప్పులివ్వకూడదని అప్పటికే చట్టముంది. 1816లో గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ (వారన్ హేస్టింగ్స్ కాదు) పామర్ నడిపే బ్యాంకు, పామర్ కంపెనీకి మినహాయింపు ఇచ్చాడు. ఆయన పెంచిన అమ్మాయి భర్త రంబోల్డ్ అందులో వాటాదారు! 1820లో పామర్ కంపెనీ నుంచి నిజాం సర్కారుకి 60 లక్షల అప్పు. రైతులకు తక్కావీ (సాగు కోసం ముందస్తు అప్పు) ఇవ్వడానికీ, సైన్యం బకాయిలు తీర్చడానికీ అన్నారు. రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫ్ లెక్కలు తీస్తే అందులో 8 లక్షలు వాటాదారుల బోనస్ అని తేలింది. నిజాం సర్కారు వ్యవహారాలు చూసే పేష్కారు చందూలాల్ సంతకాలు పెడుతూ పోయాడు, తాలూకాలు గుత్తకు తీసుకున్నవాళ్లు రైతు దగ్గర పిండుతూ పోయారు.

మెట్‌కాఫ్ ఏమీ సత్యహరిశ్చంద్రుడు కాదని, పామర్ సగం హిందుస్థానీ కాబట్టే బలిపశువయ్యాడని కొందరంటారు. కొంత నిజమే. అయినా బలిపశువుకి కూడా ఖాతా పుస్తకం ఉంటుంది కదా, తెరిచి చూద్దాం.

తెరిస్తే ఆ లెక్క కోస్తా దాకా వస్తుంది. ఉత్తర సర్కారులకు (కోస్తా జిల్లాలకు) ప్రతిగా ఈస్టిండియా కంపెనీ నిజాంకి ఏటా 7 లక్షల పేష్కష్ (కప్పం లాంటి చెల్లింపు) కట్టేది. పామర్ కంపెనీకి నిజాం పడ్డ బాకీ తీర్చడానికి 1823లో ఈస్టిండియా కంపెనీ ఆ పేష్కష్ హక్కుని ఒకేసారి కొనేసింది: 1,16,66,666 రూపాయలు. అంటే గుంటూరు, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం ప్రాంతాల మీద నిజాంకి మిగిలిన ఆఖరి రాబడి ఒక బ్యాంకు బాకీ కింద చెల్లిపోయింది. తెలంగాణ రైతు, ఆంధ్ర నేల ఒకే పద్దులో కలిసిన చోటు ఇది. ఏ పాఠ్యపుస్తకంలో చదివాం? మనకి యుద్ధం జరిగితేనే చరిత్ర. రాజుగారి ఏనుగులు ఎన్నో చెబుతాం, ఆ ఏనుగుల మేతకి చేసిన అప్పు చెప్పం. కాకతీయుల నుంచి జమీందార్ల దాకా ఇదే వరస. కోటల ఫొటోలకు లైకులొస్తాయి, పద్దులకు రావు మరి.

ఆధారాలు లేవా అంటే, ఆ వ్యవహారం కాగితాలు 1824లోనే లండన్‌లో లావుపాటి సంపుటిగా అచ్చయ్యాయి. అదే ఏడాది పామర్ కంపెనీ దివాలా తీసింది. పామర్ మాత్రం 1867 దాకా బతికాడు. దివాలా తీసినవాడి ఇంటి ఖర్చు ఆ 43 ఏళ్లూ ఎవరు భరించారు? బంగళా గోడలు కొలిచేవాళ్లు ముందు ఈ ప్రశ్నతో మొదలుపెట్టొచ్చు.