డ్రాయింగ్ పీరియడ్ ఎప్పుడూ లెక్కల సారుకే ఎందుకు పోతుంది?

గవర్నమెంటు బడి టైంటేబుల్‌లో కళావిద్య ఉంటుంది. క్లాసులోకి తొంగిచూస్తే బోర్డు మీద లెక్కలుంటాయి. మా ఊరి హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. ఇప్పుడు సిలబస్ వెనకబడ్డ సారు ఎవరైతే ఆ పీరియడ్ వాళ్లది.

సార్లను తిట్టడానికి ఇది రాయట్లేదు. పైనుంచి అడిగేవే అవి. ఎంతమంది చదవగలుగుతున్నారు, ఎంతమందికి భాగహారం వచ్చు, పదిలో ఎంత శాతం పాసయ్యారు. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ పథకం తెచ్చింది, 2022లో తెలంగాణ తొలిమెట్టు కార్యక్రమం తెచ్చింది. రెండిటి గురీ చదవడం, లెక్కలే. ఐదో తరగతికొచ్చినా ఒక పేరా చదవలేని పిల్లలున్నారు కాబట్టి అవి వద్దని నేననను.

నా గొడవంతా ఆ పిల్లలకు అదనపు క్లాసు ఎప్పుడు పెడుతున్నారన్న దాని మీదే. డ్రాయింగ్ పీరియడ్‌లో, లేదంటే ఆటల పీరియడ్‌లో. అంటే చదువులో తడబడే పిల్లాడికి, వాడు నలుగురిలో తలెత్తుకోగలిగే గంటనే తీసేస్తున్నారు. మా పక్కింటి కుర్రాడు ఏడో తరగతి. చవితికి బంకమట్టితో వినాయకుణ్ణి చేశాడు. తొండం జారిపోతుంటే కింద పుల్ల ఆనించి, మట్టి బిగిసేదాకా ఆగి, మెల్లగా లాగేశాడు. ఎవరూ నేర్పలేదు. బడిలో మాత్రం వాడు ‘సీ గ్రూపు’, అంటే చదువులో వెనకబడ్డవాడు.

డబ్బున్న ఇళ్లలో ఈ లోటు తెలీదు. కార్పొరేట్ స్కూళ్లలోనూ పదికొచ్చేసరికి ఇదే తంతు కానీ, ఆ పిల్లలకు అప్పటికే సాయంత్రాలు కూచిపూడి, ఆదివారాలు కీబోర్డు అయిపోయుంటాయి, ఫీజు కట్టి. కూలికెళ్లే తల్లి ఆ ఫీజు ఎక్కడ తెస్తుంది? ఆ బిడ్డకు బడిలో దొరకనిది బయటా దొరకదు.

కాగితాల మీద మనకేం తక్కువ లేదు. 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైం టీచరు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది. కళలకూ సైన్సుకూ మధ్య అడ్డుగోడ వద్దని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఏడాది పొడవునా పిల్లల్ని అంచనా వేసే నిరంతర మూల్యాంకనం వచ్చాక కళకూ గ్రేడు వేయాలన్నారు. ఆ గ్రేడు ఎలా పడుతుందో స్టాఫ్‌రూముల్లో కూర్చున్నవాళ్లకు తెలుసు. ఒక్క బొమ్మా చూడకుండా, వరసపెట్టి అందరికీ ఒకటే. ఇంకో వింత, జీవశాస్త్రం పరీక్షలో గుండె బొమ్మ గీస్తే మార్కులేస్తారు. గీయడం నేర్పే మనిషిని మాత్రం వేయరు!

కొత్త పథకం పేరు ఆలోచించే ముందు ఆ పార్ట్‌టైం పోస్టులు నింపండి. వెనకబడిన పిల్లల క్లాసు డ్రాయింగ్ పీరియడ్‌లో పెట్టకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. తనిఖీకి వచ్చే అధికారులు, పోయిన వారం డ్రాయింగ్ పీరియడ్‌లో ఏం చెప్పారో హెచ్‌ఎం గారిని కాదు, చివరి బెంచీ పిల్లల్ని అడగండి.