మహేంద్రతనయ దాటే కంపుకి ఒక చెక్‌పోస్టు కావలెను

పందికేం తెలుసు పన్నీరు వాసన అన్న పెద్దలు, పందికి పెంట వాసన తెలుసో లేదో మాత్రం కనుక్కోలేదు. తెలుసు. కాస్త చోటిస్తే అది పడుకునే మూల వేరుగా, పెంట వేసే మూల వేరుగా పెట్టుకుంటుంది. పెంటనీ మూత్రాన్నీ కలిపి కడిగి, ఒకే గుంటలోకి తోసి, ఆ గుంటకి మూత లేకుండా వదిలేసే తెలివి మనిషిది. ముక్కుకి రుమాలు కట్టుకుని మళ్ళీ పందినే తిట్టేదీ మనిషే.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసిందిగానీ మా ఇళ్ళల్లో తెలుగు అలాగే ఉండిపోయింది. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. మా వీధికీ ఏటికీ మధ్య ఒక పందుల ఫారం ఉంది. ఎవరిదో చెప్పను, రోజూ టీ కొట్టు దగ్గర ఎదురుపడతాడు. వానాకాలంలో నైరుతి గాలి కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా కంపు మా సొంతం. చలికాలానికి గాలి ఈశాన్యం నుంచి తిరిగితే అదే సరుకు ఆంధ్రకి ఎగుమతి, పన్నూ లేదు పర్మిటూ లేదు. అప్పుడు పాతపట్నం నుంచి మా బావ ఫోన్ చేస్తాడు: “ఏంటి బావా, మీ ఒడిశా వాళ్ళ కంపుకి అన్నం సయించట్లేదు!” ఒడిశా వాళ్ళంటే ఇక్కడ నేనే.

కొటియా ఊళ్ళు మావంటే మావని రెండు రాష్ట్రాలూ కొట్టుకుని, ఆ సంగతి 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. ఈ కంపు మాది అని మాత్రం ఇంతవరకూ ఒక్క రాష్ట్రమూ దావా వేయలేదు. ఫిర్యాదు చేస్తే అధికారులు వస్తారు, కాదనను. కానీ వచ్చేది మిట్టమధ్యాహ్నం, ఎండకి గాలి పైకి లేచి కంపంతా చెదిరిపోయిన వేళ. సాయంత్రం గాలి ఆగి, నేల చల్లబడ్డాక అది పైకి పోలేక నేలబారున పాకుతూ వంటింట్లోకి వస్తుంది, అప్పటికి ఆఫీసు మూసేస్తారు. అందుకే ఏటి వంతెన మీద ఒక చెక్‌పోస్టు పెట్టి, దాటే ప్రతి వాయువు దగ్గరా కాగితాలు అడగాలని నా విన్నపం. అమ్మోనియా దొరుకుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ దొరుకుతుంది. మీథేన్ మాత్రం దర్జాగా దాటిపోతుంది, దానికి వాసనే లేదు కదా. వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైనే భూమిని వేడెక్కిస్తుందట, అయినా మా వీధి ముక్కుల ముందు అది నిర్దోషి.

ఈలోగా వీధి కమిటీ కూర్చుంది. గంటన్నర చర్చ తర్వాత గుంట మీద సున్నం చల్లాలని ఏకగ్రీవంగా తీర్మానించాం, చల్లాం. ఆ రాత్రి కళ్ళు మండి ఎవరూ పడుకోలేదు. సున్నం పడితే పెంటలో ఉన్న అమ్మోనియా ఇంకా జోరుగా గాల్లోకి లేస్తుందని తర్వాత మా వీధిలోనే వ్యవసాయం చదివే కుర్రాడు చెప్పాడు. ముందే చెప్పొచ్చు కదరా అంటే, “మీటింగులో చిన్నవాళ్ళు మాట్లాడకూడదన్నారు కదా పెదనాన్నా” అన్నాడు.

వాడి లెక్క ఇదీ. మూత్రంలో యూరియా ఉంటుంది, పెంటలో దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది, రెండూ కలిస్తేనే అమ్మోనియా. షెడ్డు నేలకి వాలు కట్టి మూత్రాన్ని వేరే కాలవలోకి పంపితే సగం గొడవ అక్కడే ఆగుతుంది. గుంట మీద తార్పాలిన్ వేయాలి, లేదంటే వరిగడ్డి మందంగా పరవాలి. దాణాలో మాంసకృత్తులు అవసరానికి మించి పెట్టకపోతే, తగ్గించిన ఒక్కో శాతానికి అమ్మోనియా ఇంచుమించు పదో వంతు తగ్గుతుంది, దాణా ఖర్చూ కలిసొస్తుంది. అసలు గాల్లోకి పోయేది యూరియా బస్తాలో ఉండే నత్రజనే. ఫారంలో దాన్ని గాలికి వదిలేసిన మనిషే ఖరీఫ్‌లో యూరియా కోసం తెల్లారుజామున వెళ్ళి లైన్లో చెప్పులు పెట్టొస్తాడు!

గోబర్ గ్యాస్ ప్లాంటు కడితే మీథేన్‌తో పొయ్యి వెలిగించుకోవచ్చన్నాడు కుర్రాడు. కమిటీ గంభీరంగా ఆలోచనలో పడింది. పందిపెంట గ్యాస్ మీద సత్యనారాయణ వ్రతం ప్రసాదం వండొచ్చా అన్న ప్రశ్న దగ్గర సభ వాయిదా పడింది, ఇంకా వాయిదాలోనే ఉంది.

ఒక్కచోట మాత్రం నాకు నవ్వు రాలేదు. నిలవున్న గుంటని కెలికితే హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా లేస్తుంది. కొంచెమే ఉంటే కుళ్ళిన గుడ్డు కంపు. పది లక్షల పాళ్ళలో వంద పాళ్ళకి చేరితే ముక్కు మొద్దుబారి కంపు పోయిందనిపిస్తుంది, ఇంకా పెరిగితే లోపలికి దిగినవాడు తిరిగి రాడు. ఇది విన్నాక కూడా కమిటీ పుస్తకంలో రాసుకున్న సూత్రం ఏంటంటే: వాసన రాకపోతే సమస్య లేనట్టే.

ఆ సూత్రం ప్రకారమే గాలి తిరిగిన వారానికి సమస్య పరిష్కారమైందని సంతకాలు పెట్టి, లడ్డూలు పంచుకున్నాం. ఫారం ఆయన కూడా రెండు తిన్నాడు. తార్పాలిన్ ఇంకా కొనలేదు. పొద్దుట్నుంచి బావ ఫోన్ మోగుతూనే ఉంది, సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పమని మా ఆవిడకి చెప్పాను.