మూడు క్రెడిట్ల దేశం

అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న మా మేనల్లుడు మార్చి సెలవుల్లో మధ్య అమెరికాలోని కోస్టారికా వెళ్లొచ్చాడు. యూనివర్సిటీ వాళ్లే ఇరవై రెండు మందిని బస్సెక్కించి ఎనిమిది రోజులు తిప్పారట. "కోస్టారికా అయిపోయింది మామయ్యా" అన్నాడు ఫోన్లో, సిలబస్ అయిపోయినంత తేలిగ్గా. కోర్సు పేరు సుస్థిరాభివృద్ధి. క్రెడిట్లు మూడు. ఆ దేశం విస్తీర్ణం 51,100 చదరపు కిలోమీటర్లు కాబట్టి, ఒక్కో క్రెడిట్‌కు దాదాపు ఉమ్మడి ప్రకాశం జిల్లా అంత నేల వచ్చింది. గిట్టుబాటు బేరమే.

కిట్టనివాళ్లు ఇలాంటి యాత్రలను సుడిగాలి పర్యటనలని వెక్కిరిస్తారు. నా ఫిర్యాదు వేరు. ఎనిమిది రోజులు మరీ ఎక్కువ. ఎక్కడెక్కడ కోత పెట్టొచ్చో విద్యావేత్తల పరిశీలనకు మనవి చేసుకుంటున్నాను.

ముందు ఇరాసూ అగ్నిపర్వతం. ఎత్తు 3,432 మీటర్లు. ఆకాశం తేటగా ఉంటే శిఖరం నుంచి అటు పసిఫిక్, ఇటు కరీబియన్ రెండూ కనిపిస్తాయంటారు. మనవాళ్లకు మంచు కనిపించింది. మంచు చూడ్డానికి అంత దూరం ఎందుకు, సంక్రాంతికి లంబసింగి చాలదూ? పైగా హడావుడి అతిథులంటే ఆ కొండకు మొదట్నుంచీ పడదని నా అనుమానం. 1963 మార్చిలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ మూడు రోజుల పర్యటనకు వస్తే, ఆయన అక్కడ ఉండగానే బూడిద కక్కింది.

రాజధాని సాన్ హోసేలో నేషనల్ మ్యూజియానికి కేటాయించింది నలభై నిమిషాలు. అది ఒకప్పటి సైనిక స్థావరం. 1948లో 44 రోజుల అంతర్యుద్ధం ముగిశాక, డిసెంబరు 1న ఆ యుద్ధంలో గెలిచిన హోసే ఫిగెరెస్ సమ్మెట పట్టి అక్కడి గోడ మీద ఒక దెబ్బ వేసి, ఇక సైన్యం లేదు పొమ్మన్నాడు. ఇప్పటికీ లేదు. కొట్టుకోవడానికే 44 రోజులు పట్టిన చోట మన పిల్లలు శాంతిని నలభై నిమిషాల్లో ఆకళించుకున్నారు. అందులో పావుగంట బాత్రూం దగ్గర క్యూ.

సైన్యం లేని దేశమనే మాట విని, 1950ల మొదట్లో అమెరికాలోని అలబామా నుంచి, యుద్ధమంటే గిట్టని క్రైస్తవ శాఖకు చెందిన కొన్ని క్వేకర్ కుటుంబాలు వచ్చి మోంటెవెర్డే కొండల్లో పాడిపశువులతో స్థిరపడ్డాయి. అక్కడిది మేఘాల అడవి. వాన కోసం చూడకుండా, దారినపోయే మబ్బుల్లోంచే నాచు చుక్కచుక్కగా తడి పిండుకుంటుంది. మావాడు ఆ అడవిని జిప్‌లైన్ మీద దాటాడు. అడవి గురించి వాడికేం తెలిసిందో చెప్పలేను గానీ, వాడి గురించి అడవికి "ఓరి నాయనో" అని తెలిసింది. ఆ కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని బంగారు కప్ప 1989 తర్వాత ఎవరికీ కనిపించలేదు. దాని మీద మూడు వందల మాటలకు మించకుండా అనుభూతి రాయమన్నారట. మావాడు బస్సులోనే రాసేశాడు.

హోటల్‌కీ హోటల్‌కీ మధ్య ఎవర్నీ దారి అడిగే అవసరం రాలేదు గనక, పిల్లలకు అక్కడి చిరునామాల సంగతి తెలియలేదు. ఇది మాత్రం నాకు నిజంగా బాధ. ఆ దేశంలో ఇంటి నంబర్ల కన్నా ఆనవాళ్లే చెబుతారు. ఫలానా చర్చి నుంచి 200 మీటర్లు దక్షిణానికి, అక్కణ్నుంచి 50 తూర్పుకి. వంద మీటర్లంటే టేపు పెట్టి కొలిచేది కాదు, ఒక వీధి మలుపు. సాన్ పెద్రోలోనైతే ఎప్పుడో పోయిన ఒక అత్తి చెట్టు ఇంకా దారి చూపిస్తూనే ఉంది, 'పాత అత్తిచెట్టు దగ్గర' అంటే టాక్సీవాడు తీసుకెళ్తాడు. మూతబడ్డ సినిమా హాలు పక్క సందులో పెరిగినవాడు మావాడు. ఒక్క పూట దారి తప్పనిచ్చి ఉంటే ఆ ఊరు వాడికి మేనత్త ఇల్లులా అనిపించేది. కానీ దారి తప్పడానికి క్రెడిట్లు లేవు.

భాష ఇబ్బంది పెట్టలేదట. 'పూరా వీదా' అంటే పలకరింపు, వీడ్కోలు, బాగున్నాననడం, పర్లేదనడం, అన్నీ అదే. ఆ రెండు మాటలతో ఎనిమిది రోజులూ గడిచిపోయాయి. పొద్దున్నే పెట్టే గాయో పింతో, అంటే నల్ల చిక్కుడు గింజలు కలిపి వేయించిన అన్నం, అందులోకి వెంట తీసుకెళ్లిన కందిపొడి కలుపుకున్నాడు. సుస్థిరాభివృద్ధి అంటే ఇదే కాబోలు.

చివరి మజిలీ మానుయెల్ ఆంటోనియో పార్కు. కార్యక్రమ పత్రంలో 'స్లాత్, 12 నిమిషాలు' అని ఉంది. కొమ్మలకు వేలాడుతూ బతికే ఆ జంతువును స్పానిష్‌లో పెరెసోసో అంటారు, సోమరి అని అర్థం. 2021లో ఆ సోమరినే జాతీయ చిహ్నాల్లో చేర్చారు. తిన్న ఆకు అరగడానికి దానికి నెల దాకా పడుతుంది, చెట్టు దిగేది వారానికోసారి, అదీ కాలకృత్యానికి. ఆ పన్నెండు నిమిషాల్లో అది తల కొంచెం తిప్పిందట. గైడు తొందరపెడుతుంటే అందరూ చెట్టు కింద చేరి గ్రూపు ఫొటో దిగారు.

మావాడు నాకూ పంపాడు. ఇరవై రెండు మందీ కదిలిపోయి మసగ్గా ఉన్నారు. కొమ్మ మీద స్లాత్ మాత్రం శుభ్రంగా పడింది.